ఫ్రీగా వాడుకుంటున్నా, థాంక్స్ ఎలా చెప్పాలన్నా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది సిద్దిపేట దగ్గర ఒక ఊరు. జానపద పాటలకు ట్రాకులు చేస్తుంటాను. యూట్యూబ్ ఛానళ్ళ వాళ్ళు పాట తెస్తే రిథమ్, కీబోర్డ్ కంప్యూటర్‌లో కట్టి, గొంతు రికార్డ్ చేసి, మిక్స్ చేసి ఇస్తా. మొదట్లో క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడేవాణ్ణి. దాంతోపాటు వచ్చిన వైరస్‌కి హార్డ్ డిస్క్ మొత్తం పోయింది. అప్పటి నుంచి పాట కట్టడానికి ఎల్ఎంఎంఎస్, రికార్డింగ్‌కి ఆడాసిటీ, డ్రమ్స్‌కి హైడ్రోజన్, ఇంకొన్ని ఉచిత ప్లగిన్లు (వాటిలో తగిలించే అదనపు సౌండ్ల సాఫ్ట్‌వేర్లు), వీటితోనే బతుకుతున్నా. ఈమధ్య ఒక ప్లగిన్ (పేరు తీసేశాను) అప్‌డేట్ చేస్తే పాత ప్రాజెక్టులో సౌండ్లు మారిపోయాయి. తెల్లారితే పాట ఇవ్వాలి. ఆ టెన్షన్‌లో వాళ్ళ పేజీకి వెళ్ళి, చేతకాకపోతే ఎందుకు పెడతారు అన్నట్టు రాసేశా. దానికి ఒకతను నెమ్మదిగా జవాబిచ్చాడు. ఇది చేసేది ఇద్దరు ముగ్గురమే, అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి, పని అయ్యాక రాత్రిపూట కూర్చుని చేస్తాం అని. బాగా సిగ్గేసింది. వాళ్ళకు మనసారా థాంక్స్ చెప్పాలని ఉంది. కానీ నా ఇంగ్లిష్ అంతంత మాత్రం, కోడింగ్ రాదు, పంపితే మహా అయితే 300 రూపాయలు పంపగలను. అంత తక్కువ పంపితే అవమానించినట్టు ఉంటుందా? మా దోస్తు ఏమో, వాళ్ళే ఫ్రీ అన్నారు కదరా నీకెందుకు బాధ అంటున్నాడు. ఏం చేయమంటావు?

సమాధానం:

తమ్ముడూ,

ముందు ఆ తిట్టిన సంగతి తేల్చేద్దాం. అది మనసులో ఉన్నంతకాలం నువ్వు రాసే థాంక్స్ కూడా సంజాయిషీలాగే ఉంటుంది. ఎక్కడ రాశావో అక్కడికే వెళ్ళు, దాని కిందే రెండు ముక్కలు రాయి: "కోపంలో అలా రాశాను, తప్పు నాది, క్షమించండి." అంతే. తెల్లారితే పాట ఇవ్వాలి, ఛానల్ వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, కరెంటు పోయింది, ఇవేవీ వద్దు. కారణాలు చెప్పే కొద్దీ అవతలివాడు నిన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకో పని. పాత మాటని చెరిపేయకు కూడా, చెరిపేస్తే ఆ నెమ్మదిగా జవాబిచ్చిన మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడో అర్థం కాకుండా పోతుంది. ఇక దానికి మళ్ళీ రిప్లై వస్తుందా అని రోజూ తెరిచి చూడొద్దు. రాకపోవచ్చు, రాకపోతే కోపంగా ఉన్నారని అర్థమేం కాదు, ఆ రాత్రి ఇంకేదో పనిలో ఉండి ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికి. ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళ దగ్గరికి రోజూ ఏం వస్తుందో ఒకసారి ఊహించు. బాగా పనిచేసిన రోజు ఎవరూ ఏమీ రాయరు, నువ్వూ ఇన్నేళ్ళలో రాయలేదు కదా. పాట అయిపోయింది, డబ్బులొచ్చాయి, పడుకున్నావు. పనిచేయని రోజే వాళ్ళు గుర్తొస్తారు. పెళ్ళిలో వంటవాడి దగ్గరికి ఉప్పు తక్కువైందని చెప్పడానికే జనం వెళ్తారే, అలాగన్నమాట. వెయ్యి మంది హాయిగా వాడుకుంటుంటే ఆ వెయ్యి మందీ వాళ్ళకు కనపడరు, కనపడేది పది మంది, ఆ పది మందీ ఏదో విరిగిపోయిందని వచ్చినవాళ్ళే. తను చేసినదానితో ఎక్కడో ఎవరో పాట కట్టుకుని ఇల్లు నడుపుకుంటున్నారన్న సంగతి ఆ మనిషికి తెలిసే దారే లేదు, వాడేవాళ్ళు చెబితే తప్ప.

అందుకే నా సలహా ఒక్కటే: నీ థాంక్స్‌లో వివరం ఉండాలి, కోరిక ఉండకూడదు. "యువర్ సాఫ్ట్‌వేర్ ఈజ్ సూపర్" అని రాస్తే సంతోషమే కానీ అందులో నువ్వు లేవు. ఏ ఊరు, ఏ పని, ఏ భాగం బాగా వాడావు, దానితో ఏం తయారైంది, అది చెప్పు. చివర్లో మాత్రం "అలాగే ఈ ఫీచర్ కూడా పెడితే బాగుంటుంది" అన్న తోక తగిలించకు. మనవాళ్ళకి ఈ అలవాటు బాగా ఉంది, పొగడ్త మొదలైందంటే వెనకాల ఏదో అడగబోతున్నారని అవతలివాడికి ముందే తెలిసిపోతుంది. ఫీచర్ అడగొచ్చు, తప్పేం లేదు, కానీ అది వేరే రోజు, వేరే చోట.

ఇంగ్లిష్ గురించి బెంగ పెట్టుకోకు. ఈ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళలో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు, జర్మనీ నుంచి, ఇటలీ నుంచి, బ్రెజిల్ నుంచి ఇలా ఎక్కడెక్కడి నుంచో ఉంటారు, వాళ్ళ వాక్యాల్లోనూ తప్పులుంటాయి. నువ్వు తెలుగులో రాసుకుని ఫోన్‌లో అనువాదం చేయించు. ఇదిగో, ఇంత చాలు:

"నమస్తే. నేను తెలంగాణలో ఒక ఊళ్ళో ఉంటాను. జానపద పాటలకు సంగీతం కడతాను. ఇది నా జీవనోపాధి. మీ ప్లగిన్‌లోని ఫలానా సౌండ్ నా పాటల్లో చాలాసార్లు వాడాను. ఒక పాట లింక్ పెడుతున్నాను, మొదటి నిమిషంలో వినపడే తీగ శబ్దం మీ ప్లగిన్‌దే. మీరు జవాబు రాయాల్సిన అవసరం లేదు. ఇది మీకు తెలియాలని రాశాను, అంతే. థాంక్స్."

ఈ "జవాబు రాయాల్సిన అవసరం లేదు" అన్నది మర్చిపోకు. ఎంత మంచి ఉత్తరమైనా జవాబివ్వాలి అనుకునేసరికి నెత్తి మీద ఇంకో బాకీలా కూర్చుంటుంది. ఇంకోటి, "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టకు, లీవ్ లెటర్ అనుకుంటారు, పైగా అవతల ఉన్నది సర్ అని నీకెలా తెలుసు? ఏఐ చేత రాయించి ఒక పేజీ కవిత్వం కూడా పంపకు. నీ మాటల్ని అనువదించడానికి వాడుకో, అంతవరకే. ఏఐతో రాయించిన పొడుగాటి రిపోర్టులు చదవలేక ఈమధ్య ఓపెన్ సోర్స్ వాళ్ళు, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు, విసిగిపోయి ఉన్నారు, ఆ వాసన తగిలితే నీ నిజమైన థాంక్స్ కూడా పక్కకు పోతుంది.

ఎవరికి రాయాలి? ఇక్కడే చాలామంది ఆగిపోతారు, నువ్వు మాత్రం ఇక్కడ కాస్త టైమ్ పెట్టు. నువ్వు చెప్పిన మూడు పేర్లూ ఒకే రకం కాదు. ఆడాసిటీని 1999లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్ళు వాలంటీర్లే నడిపారు, కానీ 2021లో అది మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది, ఇప్పుడు జీతానికి పనిచేసే డెవలపర్లు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితమే, ఓపెన్ సోర్సే, థాంక్స్ చెప్పు తప్పకుండా, కానీ నీ 300 రూపాయలకు అక్కడ అంత అవసరం లేదు. ఎల్ఎంఎంఎస్ అలా కాదు. 2004లో పాల్ గిబ్లాక్, టోబియాస్ డోర్ఫెల్ మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టుని వాలంటీర్లే మోస్తున్నారు. 2020లో 1.2.2 వచ్చాక 1.3 వెర్షన్ ఏళ్ళ తరబడి ఆల్ఫాలోనే, అంటే పరీక్ష దశలోనే, ఉండిపోయింది, "ఇంకెప్పుడు ఇస్తారు" అని అడిగేవాళ్ళకి లోటు లేదు. ఎందుకు ఆలస్యమంటే, చేసేవాళ్ళ సాయంత్రాలే దాని బడ్జెట్. హైడ్రోజన్ కూడా ఇలా వాలంటీర్ల చేతుల మీద నడిచేదే.

ఇక మూడో రకం ఉంది, నీకు పేరు కూడా తెలియనివాళ్ళు. ఎల్ఎంఎంఎస్‌లో నువ్వు వాడే జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ ఉంది చూశావా, ఆ ప్యాడ్లు, ఆర్గన్లు వచ్చేది? అది 2002లో నస్కా ఆక్టేవియన్ పాల్ అనే రొమేనియా మనిషి మొదలుపెట్టిన సింథసైజర్. అదే మనిషి శబ్దాన్ని విపరీతంగా సాగదీసే పద్ధతి ఒకటి రాశాడు, అదే ఆడాసిటీ ఎఫెక్టుల్లో "పాల్‌స్ట్రెచ్" అని కనపడుతుంది. అంటే ఒకే మనిషి పని నువ్వు వాడే రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. సౌండ్‌ఫాంట్ (వాద్యాల శబ్దాలున్న ఫైల్) ఎక్కించి తబలానో వీణనో వాయిస్తావే, అక్కడ వెనకాల పనిచేసేది ఫ్లూయిడ్‌సింథ్. అన్నిటికంటే నాకు ముచ్చటేసేది లిబ్‌సౌండ్‌ఫైల్. ఆస్ట్రేలియాకు చెందిన ఎరిక్ డి కాస్ట్రో లోపో మొదలుపెట్టిన లైబ్రరీ ఇది, అంటే వేరే సాఫ్ట్‌వేర్లు లోపల వాడుకునే కోడ్. వేవ్ ఫైల్ తెరవడం, రాయడం, ఇదీ దాని పని. ఎల్ఎంఎంఎస్, ఆడాసిటీ, హైడ్రోజన్, మూడూ దాన్నే వాడతాయి. దానికి బటన్ లేదు, రంగుల బొమ్మ లేదు, స్క్రీన్ మీద ఎక్కడా కనపడదు. అలాంటి వాటికి ఎవరు థాంక్స్ చెబుతారు చెప్పు?

ఎల్ఎంఎంఎస్‌లో బయటి వీఎస్‌టీ ప్లగిన్ తెరిచే "వెస్టీజ్" కథ కూడా ఇలాంటిదే, ఇది కొంచెం పక్కదారి అయినా చెప్పాలి. వీఎస్‌టీ అన్నది ప్లగిన్లని పాట కట్టే సాఫ్ట్‌వేర్‌తో కలపడానికి స్టైన్‌బర్గ్ కంపెనీ పెట్టిన పద్ధతి. దాని ఫైళ్ళని ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపి పంచడానికి వాళ్ళ లైసెన్స్ అప్పట్లో ఒప్పుకునేది కాదు. 2006లో హావియర్ సెరానో పోలో అనే ఆయన, ఆ ఫైళ్ళు ముట్టుకోకుండా, ప్లగిన్లు ఎలా ప్రవర్తిస్తున్నాయో చూసి సొంతంగా ఒక చిన్న కోడ్ ఫైల్ రాశాడు. ఎల్ఎంఎంఎస్ కోసం రాసిన ఆ చిన్న ఫైలే తర్వాత ఆర్డర్ (Ardour) అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాంటి వేరేవాటిలోకీ వెళ్ళింది. ఎల్ఎంఎంఎస్‌లో నువ్వు ఏ వీఎస్‌టీ ప్లగిన్ తెరిచి పాట కట్టినా అందులో ఆ పని ఉంది. సాఫ్ట్‌వేర్‌లో హెల్ప్ మెనూకి వెళ్ళి "అబౌట్" నొక్కితే పేర్ల జాబితా వస్తుంది, ఒకసారి చదువు. సినిమా అయిపోయాక పడే పేర్లు మనం చదవం, లేచి వెళ్ళిపోతాం, ఇది మాత్రం చదువు.

300 రూపాయలు అవమానమా? కాదు. అస్సలు కాదు. అవతలివాడు ఆ డబ్బుతో ఏం కొంటాడన్నది లెక్కేసుకోకు. నీ ఆదాయంలోంచి తీసి పంపావు, అది వాళ్ళకు అర్థమవుతుంది. కాకపోతే మన దగ్గర్నుంచి పంపడంలో కొన్ని చికాకులున్నాయి, ముందే తెలుసుకో. చాలాచోట్ల యూపీఐ ఉండదు, కార్డే దారి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు మామూలుగా ఆపేసి ఉంటాయి. రిజర్వ్ బ్యాంక్ 2020లో పెట్టిన రూల్ వల్ల కొత్త కార్డు చేతికొచ్చినప్పుడు మన దేశంలోపలి వాడకానికే తెరిచి ఉంటుంది. బ్యాంక్ యాప్‌లో నువ్వే దాన్ని ఆన్ చేయాలి, లిమిట్ తక్కువ పెట్టుకో, పంపాక మళ్ళీ ఆఫ్ చేసుకో. నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యే పద్ధతి మన కార్డులతో విదేశీ సైట్లలో తరచూ ఫెయిలవుతుంది, పైగా ప్రతిసారీ ఫీజులో స్థిరంగా కొంత పోతుంది కాబట్టి నెలకు 25 చొప్పున పంపేకంటే ఏడాదికొకసారి 300 పంపడమే మంచిది. అందులో వాళ్ళకు ఎక్కువ చేరుతుంది. ఏ దసరాకో ఒకరికి, సంక్రాంతికి ఇంకొకరికి అని పెట్టుకున్నా బాగుంటుంది.

డొనేట్ లింక్ మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ సొంత సైట్ నుంచే తెరువు. ఉచిత సాఫ్ట్‌వేర్ల పేర్లతో దొంగ సైట్లు చాలా ఉన్నాయి, వెతికితే పైన యాడ్ రూపంలో అవే వస్తాయి, నీకు ఇంతకుముందు హార్డ్ డిస్క్ పోయిన అనుభవం ఉంది కాబట్టి ఎక్కువ చెప్పను. కొన్ని ప్రాజెక్టులు డబ్బే తీసుకోవు. పంచుకోవడంలో తగాదాలు, లెక్కలు, పన్నులు, ఇవన్నీ ఎందుకని. అలా రాసి ఉంటే బలవంతం చేయకు, ఆ డబ్బు ఇందాక చెప్పిన కనపడనివాళ్ళలో ఎవరికైనా దారి దొరుకుతుందేమో చూడు.

డబ్బు విషయంలో ఆర్డర్ పద్ధతి నాకు నచ్చుతుంది. పాల్ డేవిస్ చేసే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అది. ఆయన అమెజాన్ తొలినాళ్ళలో అక్కడ పనిచేసిన ప్రోగ్రామర్. సోర్స్ కోడ్ అందరికీ ఉచితం, ఓపిక ఉంటే దాన్నుంచి నడిచే సాఫ్ట్‌వేర్‌ని నువ్వే తయారు (కంపైల్) చేసుకోవచ్చు. సిద్ధంగా ఉన్న ఇన్‌స్టాలర్ కావాలంటే మాత్రం ఎంతో కొంత కట్టాలి, ఒక డాలర్ అయినా సరే. ఇలా అడిగినందుకు ఆయన్ని తిట్టినవాళ్ళున్నారు, "ఓపెన్ సోర్స్ అని చెప్పి డబ్బులా" అని. నాకైతే అందులో దాపరికం ఏమీ కనపడలేదు. నీకు గొంతులు ఎక్కువ ట్రాకుల్లో రికార్డ్ చేసే పని పెరిగితే ఎల్ఎంఎంఎస్ 1.2లో గొంతు రికార్డింగే లేదు కాబట్టి, ఆడాసిటీకీ దానికీ మధ్య ఫైళ్ళు మోసుకునే బదులు ఆర్డర్‌ని ఒకసారి చూడొచ్చు.

డబ్బు కంటే ఎక్కువ ఉపయోగపడేది ఇంకోటి నీ దగ్గర ఉంది, కోపంలో నువ్వు దాన్ని వృథా చేశావు. అప్‌డేట్ అయ్యాక పాత ప్రాజెక్టులో సౌండ్లు మారిపోవడం అన్నది వాళ్ళకు నిజంగా తెలియాల్సిన విషయం. దాన్ని తిట్టుగా కాకుండా రిపోర్టుగా రాస్తే వాళ్ళకు బోలెడు టైమ్ మిగులుతుంది. ముందు అదే సమస్య ఇంకెవరైనా రాశారేమో వెతుకు. ఉంటే దాని కిందే, నాకూ వచ్చింది, నా వెర్షన్ ఇది అని చేర్చు, కొత్తది తెరవకు. లేకపోతే పాత వెర్షన్ నంబర్, కొత్త వెర్షన్ నంబర్, విండోస్ ఏది, ఏ ప్రీసెట్ (ముందే సిద్ధం చేసి ఇచ్చిన సౌండ్) మారింది, ఏం చేస్తే మారినట్టు తెలిసింది, వరసగా రాయి. నలభై ట్రాకుల పాట మొత్తం అంటగట్టకు. కొత్త ఖాళీ ప్రాజెక్టులో ఆ ఒక్క ప్లగిన్, ఆ ఒక్క సౌండ్, నాలుగు స్వరాలు పెట్టి సేవ్ చేసి ఆ ఫైల్ పంపు. ముందు ఎలా వినపడేది, ఇప్పుడు ఎలా వినపడుతోంది, రెండు చిన్న ఆడియో ముక్కలు జతచేయి. ఇంగ్లిష్ అవసరమే పడదు, చెవులున్న ఎవరికైనా అర్థమవుతుంది. ఒక రిపోర్టులో ఒకే సమస్య. వాళ్ళు రెండు ప్రశ్నలడిగితే మాయమైపోకుండా జవాబివ్వు. రిపోర్ట్ పెట్టి పారిపోయేవాళ్ళ వల్లే సగం సమస్యలు అలా పడి ఉంటాయి.

పనిలో పనిగా: పాట మధ్యలో ఉండగా ఏదీ అప్‌డేట్ చేయకు, పాత ఇన్‌స్టాలర్ ఫైల్ దాచుకో, ప్రాజెక్ట్‌ని వేరే పేరుతో కాపీ పెట్టుకో. ఇది డెవలపర్ల మీద ప్రేమతో చెబుతున్నది కాదు, నీ నిద్ర కోసం.

గుర్తు చేసే విధానం గురించి కూడా ఒక మాట. రిపోర్ట్ పెట్టి వారం కాగానే "అప్‌డేట్ ప్లీజ్" అని రాసేవాళ్ళు ఉంటారు, దానివల్ల ఏం జరుగుతుందో సంగీతానికి సంబంధం లేని చోట లోకం అంతా చూసింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళని కుదించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రపంచంలో చాలా లైనక్స్ మెషీన్లలో ఉంటుంది. దాన్ని లాసే కోలిన్ అనే ఆయన జీతం లేకుండా ఎన్నో ఏళ్ళు చూసుకున్నాడు. 2022లో కొందరు ఆయన వెంటపడ్డారు, ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు అని. ఇది జీతం లేని పని అనీ, తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ ఆయన చెప్పుకున్నా ఆగలేదు. సాయం చేస్తానని ముందునుంచీ ఓపిగ్గా చేరిన జియా టాన్ అనే పేరుగల వ్యక్తికి చివరికి బాధ్యతలు వెళ్ళాయి, 2024లో ఆ చేతుల మీదుగానే అందులో దొంగదారి ఒకటి చొప్పించారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి చూశాడు కాబట్టి బయటపడింది. ఆ వెంటపడినవాళ్ళు కూడా దొంగ పేర్లే అని చాలామంది అనుమానం. వాళ్ళు దొంగలే కావచ్చు, కానీ వాళ్ళు మాట్లాడిన తీరు చూసి అప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు, అలా రాయడం అంత మామూలైపోయింది మరి. అందుకని గుర్తు చేయాలనిపిస్తే నెలలు ఆగు, కొత్త వివరం ఏదైనా ఉంటేనే రాయి. డెవలపర్ పర్సనల్ ఇన్‌స్టాగ్రామ్ వెతికి అక్కడ మెసేజ్ పెట్టడం మాత్రం అస్సలు వద్దు.

మీ దోస్తు మాట లైసెన్స్ ప్రకారం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. వీటిలో చాలావాటిది జీపీఎల్ అనే లైసెన్స్. అది నీ దగ్గర్నుంచి డబ్బు అడగదు, థాంక్స్ అడగదు, పాటలో పేరు వేయమని కూడా అడగదు. వాటితో కట్టిన పాట నీది, ఛానల్ వాళ్ళకు ఎంతకైనా అమ్ముకో. కాకపోతే వాటితో వచ్చే శాంపిళ్ళకు వేరే షరతులు ఉండొచ్చు, అవి ఒకసారి చూసుకో. నువ్వు బాకీ లేవు. మీ దోస్తుకి అక్కడితో సరిపోయింది, సరిపోనీ. బాకీ ఉంటేనే థాంక్స్ చెప్పాలని ఎవరన్నారు? అతనితో వాదన పెట్టుకోవడం కంటే అతని కంప్యూటర్‌లో ఇంకా క్రాక్ ఏదైనా ఉంటే తీయించి, నువ్వు వాడేది నేర్పించు. అది కూడా వాళ్ళకు సాయమే.

కోడింగ్ రాదన్నావు. అది రానివాళ్ళు చేయాల్సిన పనే ఎక్కువ ఉంది. ఎల్ఎంఎంఎస్ ఇన్‌స్టాల్ చేయడం, సౌండ్ కార్డ్ ఆలస్యం తగ్గించడం, గొంతు వేరేగా రికార్డ్ చేసి తెచ్చి పాటలో కూర్చడం, దరువు కట్టడం, వీటి మీద తెలుగులో ఓపిగ్గా వీడియోలు చేసి పెట్టు. ఏ వెర్షన్‌లో చూపిస్తున్నావో చెప్పు, అసలు సైట్ లింక్ కింద పెట్టు. నీ వీడియో చూసి సందేహం తీరిన ప్రతి కుర్రాడూ అక్కడికి వెళ్ళి అదే ప్రశ్న మళ్ళీ అడగడు, ఆ మేరకు వాళ్ళ రాత్రి మిగిలినట్టే. నీ పాటల వివరణలో సింగర్, లిరిక్స్, కెమెరా, డ్రోన్ వాడి పేరు దాకా వేస్తారు కదా, అక్కడే "మ్యూజిక్: ఎల్ఎంఎంఎస్, హైడ్రోజన్‌లో చేసింది" అని ఒక లైను చేర్చు. నీ రేటు తగ్గిపోతుందని భయపడకు, వినేవాడికి దరువు బాగుందా లేదా అంతే కావాలి.

ఇక నేను నిన్ను గట్టిగా అడిగే పని ఒకటుంది. హైడ్రోజన్‌లో డ్రమ్ కిట్లు చూశావు కదా, రాక్ డ్రమ్స్, పాత డ్రమ్ మెషీన్ల శబ్దాలు ఎన్నైనా ఉన్నాయి. డప్పు ఏది? నువ్వు ఇప్పుడు ఏ టామ్ శబ్దాన్నో పిచ్ మార్చి, ఈక్యూ తిప్పి డప్పులా చేస్తుంటావని నా అనుమానం. మీ చుట్టుపక్కల డప్పు వాయించేవాళ్ళు లేరా? ఒకర్ని పిలిచి, డప్పు మంట మీద కాచాక, పెద్ద కర్ర దెబ్బ, చిన్న పుల్ల దెబ్బ, అంచు మీద, నడిమధ్యలో, మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా, ఒక్కొక్కటీ విడివిడిగా రికార్డ్ చెయ్. ఒక్కో దెబ్బ నాలుగైదు సార్లు తీసుకో, ప్రతిసారీ అదే ముక్క మోగితే మెషీన్‌లా వినపడుతుంది. ఫ్యాన్ ఆపు, శబ్దం పూర్తిగా ఆగేదాకా రికార్డింగ్ ఆపకు. ఆడాసిటీలో ముక్కలు కోసి, హైడ్రోజన్ కిట్‌గా కట్టి, ప్రాజెక్టు వాళ్ళకు చెప్పు. విడి శబ్దాలు ఫ్రీసౌండ్‌లో పెట్టు, బార్సిలోనాలోని ఒక యూనివర్సిటీ వాళ్ళు 2005 నుంచి నడుపుతున్న సైట్ అది. ఎల్ఎంఎంఎస్ వాళ్ళకు కూడా శాంపిళ్ళు, ప్రాజెక్టులు పంచుకునే సొంత చోటు ఉంది.

వాయించినతనికి ముందే చెప్పి ఒప్పించు, ఇది ఎవరైనా ఎక్కడైనా ఉచితంగా వాడుకుంటారు అని. ఆ 300 రూపాయలు మొదట అతని చేతిలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పేరు వేయాలా అని అడుగు. వేయమంటే పేరు చెప్పి వాడుకోవాలనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెట్టు, అక్కర్లేదంటే సీసీ జీరో పెట్టు, హక్కులన్నీ వదిలేసినట్టు. సినిమా పాటలోంచి కోసిన ముక్కలు, డబ్బు పెట్టి కొన్న శాంపిల్ ప్యాక్‌లోవి మాత్రం ఒక్కటి కూడా కలపకు, ఒక్కటి కలిపినా మొత్తం కిట్ తీసేయాల్సి వస్తుంది, అప్పుడు వాళ్ళకు సాయం బదులు తలనొప్పి ఇచ్చినవాడివవుతావు.

అయ్యాక లింక్ నాకూ పంపు. ఒగ్గు డోలు కూడా దొరికితే ముందు అదే వింటా.